పిల్లలను అడిగి తేవాల్సిన పరికరాలు



వేసవి ముదిరితే చంద్రపూర్‌లో ఎండ నలభై అయిదు డిగ్రీలు దాటడం ఇక్కడివాళ్లకు కొత్త కాదు. ఏప్రిల్ వచ్చేసరికి బడి గదుల్లో ఫ్యాన్లన్నీ గిర్రున తిరుగుతుంటాయి. అలాంటి గదిలో, వెనక బెంచీలో, చెవి మిషన్ పెట్టుకుని కూర్చున్న పిల్లకు ముందు వినబడేది ఫ్యాను మోత. తర్వాత బెంచీలు జరిపిన చప్పుడు, పక్క తరగతి ఎక్కాలు. టీచరు గొంతు వీటన్నిటి కిందా ఎక్కడో ఉంటుంది. మిషన్‌లో లోపమేమీ లేదు. దగ్గరున్న చప్పుళ్లను పెంచి చెవిలో వేయడమే దాని పని. డిజిటల్ మిషన్లు రొదను కొంత తగ్గించగలవు కానీ, దూరంగా నిలబడి నల్లబల్ల వైపు తిరిగి మాట్లాడే మనిషి గొంతును ఏరి తేవడం వాటికీ కష్టమే. ఇంట్లో అమ్మ మాటకు తలొగ్గి చెవికి పెట్టుకున్న పిల్ల, బడి గేటు దాటగానే దాన్ని తీసి సంచీలో పడేస్తుంది. చూసేవాళ్లు పిల్లది మొండితనం అంటారు.

ఇలా వాడకుండా పడేయడం ఒక్క చంద్రపూర్ సంగతి కాదు. 1993లో ఫిలిప్స్, జావో అనే ఇద్దరు పరిశోధకులు అమెరికాలో రకరకాల వైకల్యాలున్న 227 మంది పెద్దవాళ్లను వాళ్లు తీసుకున్న పరికరాల గురించి అడిగారు. దాదాపు 29 శాతం పరికరాలను పూర్తిగా వదిలేసినట్టు తేలింది. కారణాల్లో ముఖ్యమైనది, ఎంపిక చేసేటప్పుడు వాడబోయే మనిషి అభిప్రాయాన్ని పట్టించుకోకపోవడం. పరికరం మరీ సులువుగా చేతికి రావడం, సరిగ్గా పనిచేయకపోవడం, మనిషి అవసరం మారిపోవడం మిగతావి. పెద్దవాళ్ల సంగతే ఇలా ఉంటే, తన మాట ఎవరూ అడగని పదేళ్ల పిల్ల సంగతి చెప్పేదేముంది!

ఇంకోవైపు, అసలు పరికరమే అందని వాళ్లు కోట్లలో ఉన్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ కలిసి 2022లో వెలువరించిన నివేదిక ప్రకారం ప్రపంచంలో 250 కోట్ల మందికి పైగా ఏదో ఒక సహాయక పరికరం అవసరం. అందులో దాదాపు వంద కోట్ల మందికి అది అందుబాటులో లేదు. కొన్ని పేద దేశాల్లో అవసరమున్న నూరుమందిలో ముగ్గురికే దొరుకుతోంది. ఇంత కరువులో, దొరికిన పరికరం అలమరాలో దుమ్ముపట్టి ఉండటం కంటే బాధాకరమైన విషయం ఉండదు. కాబట్టి ఏది కొనాలి అనే ప్రశ్న కంటే ముందు అడగాల్సిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి.

అమెరికాలో ప్రత్యేక విద్యారంగంలో పనిచేసిన జాయ్ జబాలా 1990లలో ఈ ప్రశ్నలకు ఒక వరస ఏర్పరిచారు. మొదట విద్యార్థి. ఆ తర్వాత విద్యార్థి చదువుకునే చోటు. ఆపైన అక్కడ చేయవలసిన పని. పరికరం అన్నిటికన్నా చివర. మన దగ్గర ఈ వరస సరిగ్గా తలకిందులుగా నడుస్తుంది. ముందు పరికరం వస్తుంది, శిబిరంలోనో దాత చేతుల మీదుగానో. తర్వాత దానికి తగిన పిల్లవాడిని వెతుకుతారు. అతను ఏ తరగతి, ఏ భాషలో చదువుతున్నాడు, ఇంట్లో ఛార్జింగ్ పెట్టుకునే వీలుందా అన్నవి ఎవరికీ గుర్తుకు రావు.

భాష సంగతి చంద్రపూర్ జిల్లాలో మరీ ముఖ్యం. బొగ్గు గనులు, బల్లార్‌పూర్ కాగితం మిల్లు తెలుగు కుటుంబాలను ఎన్నో తరాలుగా ఇక్కడికి రప్పించాయి. రాజురా ప్రాంతమైతే 1956కు ముందు హైదరాబాద్ రాష్ట్రంలో, ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది. జివతీ తాలూకా సరిహద్దులో మహారాష్ట్ర, తెలంగాణ రెండూ మావే అనే పద్నాలుగు ఊళ్లున్నాయి, అక్కడ మరాఠీ బడీ ఉంటుంది, తెలుగు బడీ ఉంటుంది. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, బజార్లో హిందీ, పుస్తకాల సంచీలో ఇంగ్లీషు. చూపులేని పిల్లకు ఫోన్ ఇచ్చి, అందులో చదివి వినిపించే గొంతును ఇంగ్లీషులోనే వదిలేస్తే ఆ ఫోన్‌తో ఆమె పాఠం ఎలా చదువుకుంటుంది? ఆండ్రాయిడ్ ఫోన్‌లో టాక్‌బ్యాక్ ముందే ఉంటుంది, దానికి మరాఠీ గొంతూ తెలుగు గొంతూ పెట్టుకోవచ్చు. కంప్యూటరుకు ఎన్‌వీడీఏ ఉంది. ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్, జేమ్స్ టే అనే ఇద్దరు చూపులేని యువకులు 2006లో మొదలుపెట్టిన ఈ స్క్రీన్ రీడర్‌కు పైసా చెల్లించక్కర్లేదు. అదీ తెలుగు, మరాఠీ రెండూ చదువుతుంది. పరికరం అంటే వేల రూపాయల యంత్రమే అనుకునే ఇళ్లలో, చేతిలో ఉన్న ఫోన్‌కు సరైన గొంతు అమర్చడం మొదటి మెట్టు.

అయితే ఇక్కడ చాలామంది ఉపాధ్యాయులకు కూడా తెలియని చిక్కు ఒకటుంది. స్క్రీన్ రీడర్ చదవాలంటే ఆ అక్షరాలు యూనికోడ్‌లో ఉండాలి. తెలుగు ముద్రణలో ఏళ్ల తరబడి అను ఫాంట్లు రాజ్యమేలాయి. మరాఠీలో శ్రీలిపి వంటివి అలాగే నడిచాయి. ఆ పాత ఫాంట్లలో కూర్చిన పీడీఎఫ్ కంటికి చక్కగా కనబడుతుంది, స్క్రీన్ రీడర్ మాత్రం దాన్ని అర్థం లేని ఇంగ్లీషు అక్షరాల గుంపుగా చదువుతుంది. ఫొటో తీసి పంపిన నోట్సైతే సాధారణంగా చదవలేదు, అది దానికి బొమ్మే. కాబట్టి ఉపాధ్యాయులు వాట్సాప్‌లో నోట్సు పంపేటప్పుడు మామూలుగా టైపు చేసి పంపితే, ఆ పిల్లకు అది ఏ యంత్రం కన్నా పెద్ద సాయం.

భాషలు ఇన్ని కలిసిన ఈ ప్రాంతంలో చూపులేని పిల్లలకు ఒక మేలు కూడా ఉంది. అది బ్రెయిలీలో ఉంది. మన దేశ భాషలన్నిటికీ కలిపి 1951లో భారతి బ్రెయిలీని ఆమోదించారు. లిపి ఏదైనా, ఒకే ధ్వనికి ఒకే చుక్కల గుర్తు. ‘క’ అంటే ఒకటి, మూడు చుక్కలు. ‘మ’ అంటే ఒకటి, మూడు, నాలుగు. ‘ల’ అంటే ఒకటి, రెండు, మూడు. మరాఠీలో అదే, తెలుగులో అదే. కళ్లున్న పిల్లవాడు బడిలో దేవనాగరి నేర్చుకుని, ఇంటి భాష చదవాలంటే తెలుగు వర్ణమాల మొదటినుంచి దిద్దుకోవాలి. బ్రెయిలీలో మరాఠీ నేర్చిన పిల్ల వేళ్లకు తెలుగు అక్షరాలు అప్పటికే చాలావరకు పరిచయం. తెలుగుకు ప్రత్యేకమైన హ్రస్వ ఎ, హ్రస్వ ఒ వంటివి కొన్ని అదనంగా నేర్చుకుంటే చాలు. మరాఠీ మీడియం బడిలో వేస్తే మా పిల్ల తెలుగుకు దూరమవుతుందని దిగులుపడే తల్లిదండ్రులకు ఈ సంగతి ఎవరో ఒకరు చెప్పాలి. ఆమె తెలుగు కథ చదువుకోగలదు, తెలుగు బ్రెయిలీ పుస్తకం చేతికందితే!

ఫోన్ చదివి వినిపిస్తుంటే ఇంకా బ్రెయిలీ ఎందుకని కొందరంటారు. ఆ మాట ఒప్పుకోవడానికి వీల్లేదు. వినడం వల్ల కథ తెలుస్తుంది, వార్త తెలుస్తుంది. ఒత్తు ఎక్కడుందో, దీర్ఘం ఎక్కడుందో, సమీకరణంలో కుండలీకరణం ఎక్కడ మూసుకుందో వేలికి తగిలితేనే గట్టిగా తెలుస్తుంది. లెక్కల కోసం మన అంధుల బడుల్లో టేలర్ ఫ్రేమ్ అనే పలక వాడతారు. ఎనిమిది మూలల గుంటల్లో చిన్న లోహపు ముక్కలను తిప్పి పెడితే, ఏ వైపు తిరిగి ఉందనే దాన్నిబట్టి అంకె తెలుస్తుంది. ఛార్జింగ్ అక్కర్లేదు, ఇంటర్నెట్ అక్కర్లేదు. భూగోళం పటాలకు, సైన్సు బొమ్మలకు ఉబ్బెత్తు గీతల పుస్తకాలు ఢిల్లీ ఐఐటీ వాళ్ల కృషితో వస్తున్నాయి. ఒక పిల్లకు ఒకే పరికరం చాలుననే నియమం ఎక్కడా లేదు. కథకు ఫోన్, వ్యాకరణానికి బ్రెయిలీ, లెక్కలకు పలక. పనిని బట్టి పనిముట్టు మారుతుంది.

ఆ బ్రెయిలీ పుట్టుక చూసినా వాడేవాళ్ల మాటకు ఎంత విలువుందో తెలుస్తుంది. ఫ్రాన్స్‌లో చార్లెస్ బార్బియర్ అనే పూర్వ సైనికాధికారి ఉబ్బెత్తు చుక్కలతో ఒక రాత పద్ధతి తయారుచేశారు. అందులో ఒక్కో గుర్తుకు పన్నెండు చుక్కల దాకా ఉండేవి. ఒక్క వేలి కొన కింద అంత గుర్తు పట్టదు, వేలు పైకీ కిందికీ జరపాలి. పారిస్ అంధుల బడిలో చదువుతున్న లూయీ బ్రెయిలీ దాన్ని ఆరు చుక్కలకు కుదించాడు. 1824లో ఆ పని ఒక కొలిక్కి వచ్చేనాటికి అతనికి పదిహేనేళ్లు. పెద్దవాళ్లు ఇచ్చిన పరికరంలో లోపం ఏమిటో ఆ విద్యార్థి వేలికి తెలిసింది.

పూర్తిగా చూపులేని వాళ్లకంటే, చూపు కొంత ఉండి చాలని పిల్లల విషయంలో పొరపాట్లు ఎక్కువ జరుగుతాయి. వాళ్లు నడుస్తారు, ఆడతారు, పుస్తకం ముక్కుకు ఆనించి చదువుతారు. దగ్గర పెట్టుకుని చదవకు, కళ్లు పాడవుతాయని ఇంట్లో తిడతారు. నిజానికి చూపు తక్కువైన పిల్లకు అక్షరం పెద్దదిగా కనబడే దారి అదే, దానివల్ల కళ్లు పాడుకావు. ఇలాంటి పిల్లలకు పుస్తకం మీద బోర్లించి జరుపుకునే గుండ్రటి భూతద్దం, పద్దెనిమిది పాయింట్ల పెద్ద అక్షరాల ప్రింటు, ముదురు నల్ల గీతల నోటుపుస్తకం, లావు పాళీ నల్ల స్కెచ్ పెన్ను చాలాసార్లు సరిపోతాయి. నల్లబల్ల మీది పాఠాన్ని ఫోన్‌తో ఫొటో తీసుకుని పెద్దది చేసి చూసుకోనివ్వాలి. బడిలో ఫోన్ నిషేధమంటే ఆ ఒక్క పిల్లకు రాతపూర్వకంగా అనుమతి ఇవ్వాలి. చర్మం, వెంట్రుకలు తెల్లగా పుట్టిన పిల్లలకు చంద్రపూర్ ఎండ మరీ శత్రువు. వాళ్లకు రంగు అద్దాలు, అంచున్న టోపీ కూడా చదువు పరికరాలే. వాళ్లను కిటికీకి ఎదురుగా కూర్చోబెట్టకపోవడం అన్నిటికంటే ముందు చేయాల్సిన పని, దానికి ఖర్చేమీ లేదు. అవతల హైదరాబాద్‌లో 1987 నుంచి పనిచేస్తున్న ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో చూపు తక్కువవారికి పరికరాలు పరీక్షించి, వాడటం నేర్పే విభాగం ఉంది. బల్లార్షా నుంచి రైలెక్కే కుటుంబాలు కంటి ఆపరేషన్ గురించే కాక దాని గురించి కూడా అడగాలి.

చెవి మిషన్ సంగతికి వస్తే, బ్యాటరీ గురించి ముందుగా తెలుసుకోవాలి. చిన్న బొత్తంలా ఉండే జింక్ ఎయిర్ బ్యాటరీకి అంటించిన స్టిక్కర్ తీయగానే గాలి లోపలికి వెళ్లి పనిచేయడం మొదలవుతుంది. మళ్లీ అంటించినా అది ఆగదు. వారం పది రోజులకు ఒకటి అయిపోతుంది. మిషన్ ఉచితంగా వచ్చినా బ్యాటరీలు నెలనెలా కొనాలి, అవి ఊళ్లో దొరకాలి. మిషన్ మూగబోవడానికి చాలాసార్లు చెమటా తేమా కారణం, రాత్రిపూట తేమ పీల్చే గుళికలున్న డబ్బాలో పెట్టడం అలవాటు చేయాలి. పిల్ల ఎదిగేకొద్దీ చెవిలో పెట్టే అచ్చు వదులై కీచుమంటుంది, కొత్తది తీయించాలి. తరగతిలో టీచరు మెడలో చిన్న మైకు వేసుకుంటే గొంతు నేరుగా మిషన్‌లోకి వెళ్లే ఏర్పాటు కూడా ఉంది. అది దొరికేదాకా ముందు బెంచీ, పిల్లల వైపు ముఖం తిప్పి మాట్లాడే టీచరు. సైగల భాషలో పెరిగే పిల్లలకు యంత్రం కంటే ఆ భాష తెలిసిన మనుషులు ముఖ్యం. భారతీయ సైగల భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం 2021 నాటికి పదివేల పదాల వీడియో నిఘంటువు తయారుచేసింది. దాన్ని అమ్మానాన్నలు కూడా ఇంట్లో చూడాలి.

మాట రాని పిల్లలకు ముంబయి ఐఐటీ రూపొందించిన జెల్లో అనే యాప్ ఉంది. బొమ్మ నొక్కితే మాట వినిపిస్తుంది, మరాఠీలోనూ పలుకుతుంది. ఫోన్ ఇవ్వడం కుదరకపోతే అట్టముక్క మీద బొమ్మలు అంటించినా మొదలుపెట్టవచ్చు.

ఇవన్నీ అడిగి నేర్చుకునే చోటు దగ్గర్లోనే ఉంది. ఈ జిల్లాలోనే, చంద్రపూర్ నుంచి నాగపూర్ వెళ్లే దారిలో వరోరా పక్కన, ఆనందవనం ఉంది. బాబా ఆమ్టే 1949లో స్థాపించిన మహారోగి సేవా సమితి కుష్ఠు రోగుల కోసం దాన్ని నిర్మించింది. తర్వాత అక్కడ అంధుల బడి, బధిరుల బడి, వికలాంగుల వృత్తి శిక్షణ కేంద్రం వచ్చాయి. స్పర్శ పోయిన చేతులతో, వేళ్లు అరిగిపోయిన చేతులతో అక్కడి మనుషులు బావులు తవ్వారు, పంటలు పండించారు, నేతపని చేశారు. బాబా ఆమ్టేకే వెన్నుపూస జబ్బు వల్ల కూర్చోవడం సాధ్యమయ్యేది కాదు, నిలబడటమో పడుకోవడమో. అలాంటి మనిషి 1985లో కన్యాకుమారి నుంచి కాశ్మీర్‌కు భారత్ జోడో యాత్ర కట్టారు, వాహనంలో పడక వేసుకుని. శరీరం పనికి లొంగకపోతే పనిచేసే తీరును శరీరానికి తగ్గట్టు మార్చుకోవడం ఈ నేలకు కొత్త విద్య కాదు. ఇక్కడి బడులు ఆనందవనానికి విహారయాత్రగా వెళ్లి రావడంతో సరిపెట్టకుండా, అక్కడి ప్రత్యేక ఉపాధ్యాయులను అడిగి నేర్చుకుంటే ఎంతో లాభం.

చట్టం ఇప్పటికే ఈ పిల్లల పక్షాన ఉంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం, పాత చట్టంలోని ఏడు వైకల్యాల స్థానంలో ఇరవై ఒకటి గుర్తించింది. చదవడం, రాయడం, లెక్కలు నేర్చుకోవడంలో ఉండే ప్రత్యేక అభ్యసన వైకల్యం కూడా అందులో చేరింది. నలభై శాతం, అంతకుమించి వైకల్యమున్న పిల్లలకు పద్దెనిమిదేళ్లు వచ్చేదాకా పుస్తకాలు, తగిన సహాయక పరికరాలు ఉచితంగా ఇవ్వాలని ఆ చట్టం చెబుతోంది. సరిహద్దు అవతలి బంధువులు సదరం సర్టిఫికెట్ అనే వైకల్య ధ్రువపత్రానికి ఇక్కడ జిల్లా ఆసుపత్రి పరీక్షల తర్వాత వచ్చే యూడీఐడీ కార్డు సమానం, అది దేశమంతా చెల్లుతుంది. 1981 నుంచి నడుస్తున్న అడిప్ పథకం కింద, సమగ్ర శిక్ష కింద శిబిరాలు పెట్టి కొలతలు తీసుకుంటారు. పరికరాలు చాలావరకు కాన్పూర్‌లోని అలింకో నుంచి వస్తాయి. కొలత తీసిన రోజుకూ పరికరం చేతికొచ్చిన రోజుకూ మధ్య నెలలు గడిస్తే, ఆ లోపల పిల్లవాడు ఎదుగుతాడు. అందుకే తీసుకునే రోజున మళ్లీ కూర్చోబెట్టి చూడమని అడగడం తల్లిదండ్రుల హక్కు. సరిపడని చక్రాల కుర్చీలో రోజూ ఆరు గంటలు కూర్చుంటే వెన్ను వంగుతుంది.

పుస్తకాల విషయంలోనూ దారి పడింది. చూపులేని వాళ్లకోసం పుస్తకాలను బ్రెయిలీగా, ఆడియోగా మార్చుకోవడానికి వీలిచ్చే మరాకేష్ ఒప్పందాన్ని అన్ని దేశాలకన్నా ముందు ధ్రువీకరించింది మన దేశమే, 2014లో. 2016లో సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ గ్రంథాలయం మొదలైంది, అందులో మన భాషల పుస్తకాలూ ఉన్నాయి. మచిలీపట్నం దగ్గరి పల్లెలో పుట్టిన శ్రీకాంత్ బొల్లాకు పదో తరగతి తర్వాత సైన్సు చదవడానికి, చూపు లేదన్న కారణంతో, అనుమతి దొరకలేదు. ఆయన కోర్టుకు వెళ్లి సీటు సాధించారు. పాఠాలను ఆడియోగా విని చదివి ఇంటర్‌లో 98 శాతం తెచ్చుకున్నారు. ఆపైన అమెరికాలో ఎంఐటీకి వెళ్లి, తిరిగొచ్చి 2012లో హైదరాబాద్‌లో బొల్లాంట్ ఇండస్ట్రీస్ ప్రారంభించారు. ఆయన ప్రతిభ ఆయనదే. కానీ ఆ ఆడియో పాఠాలు సమయానికి అందకపోతే ఆ ప్రతిభ పరీక్ష కాగితం మీదికి వచ్చే దారే లేదు.

పరీక్ష అన్నాక ఇంకో ముఖ్యమైన మాట. పిల్ల ఏడాదంతా ఏ పద్ధతిలో చదివి రాస్తుందో పరీక్షలోనూ అదే ఉండాలి. గంటకు కనీసం ఇరవై నిమిషాల అదనపు సమయం, రాసిపెట్టే సహాయకుడు, కొన్నిచోట్ల కంప్యూటరు, వీటికి కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాలు ఉన్నాయి. నలభై శాతం లెక్కకు రాకపోయినా, రాయలేని ఇబ్బంది నిజమైతే సహాయకుడిని ఇవ్వాలని 2021 ఫిబ్రవరిలో వికాశ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పదో తరగతి పరీక్షకు నెల ముందు కొత్తగా సహాయకుడిని పెడితే ఇద్దరికీ కుదరదు. ఎనిమిదిలోనే మొదలుపెట్టాలి.

ఇక తల్లిదండ్రులకు, ఉపాధ్యాయులకు ఒక విన్నపం. శిబిరానికి వెళ్లేటప్పుడు యూడీఐడీ కార్డుతో పాటు పిల్ల పాఠ్యపుస్తకం ఒకటి, ఆమె సొంతంగా రాసిన కాగితం ఒకటి పట్టుకెళ్లండి. ఏ పని దగ్గర చిక్కుకుంటోందో వాటిని చూస్తే ఎవరికైనా అర్థమవుతుంది. అధికారి అడిగిన ప్రశ్నకు మీరు జవాబు చెప్పకుండా, ముందు పిల్లను చెప్పనివ్వండి. చెప్పలేని పిల్లైతే రెండు మూడు పరికరాలు చేతికిచ్చి దేన్ని మళ్లీ మళ్లీ తీసుకుంటోందో గమనించండి. వాడటం ఎవరు నేర్పుతారు, పాడైతే ఎక్కడ బాగుచేస్తారు అన్నది కాగితం మీద రాయించుకోండి. నెల తర్వాత కూడా పిల్ల దాన్ని పక్కన పెడుతుంటే, ఎందుకో అడగండి. తాలూకా విద్యా వనరుల కేంద్రమైన గట్ సాధన్ కేంద్రంలోని ప్రత్యేక ఉపాధ్యాయుడిని కలిసి, మార్చమని కోరండి.